తెల్ల దారం మీద నేను పలికిన సాక్ష్యం

నాకు నోరిచ్చిన దేవునికి స్తోత్రం. ఆ నోటితో నేను ఏళ్ల తరబడి అబద్ధం చెప్పినా దాన్ని మూసెయ్యకుండా, చివరికి దానితోనే నిజం పలికించిన తండ్రికి మహిమ. ఈ మాట ముందు అనకపోతే మిగిలింది రాయలేను.

నా గుండె మీద ఒక బరువు ఉంది. ఉండేది అనాలా? ఇంకా అలవాటు కాలేదు. చదివే నీకు నా పేరుతో పనిలేదు. నంద్యాలలో ఒక బడిలో పాఠాలు చెబుతాను. ఆదివారాలు సంఘంలో పిల్లలకు వాక్యం నేర్పుతాను. అబద్ధ సాక్ష్యం పలకకూడదనే ఆజ్ఞను ఎంతమంది చేత వల్లె వేయించానో. నేనే దాన్ని మీరాను.

కొన్నేళ్ల కిందట వేసవి సెలవుల్లో వీపున ఒక సంచి వేసుకుని ఒక్కదాన్నే లావోస్ దేశం వెళ్లాను. సేవకు కాదు. చుట్టాల కోసం కాదు. ఊరికే, చూడాలని. పెళ్లికాని ఆడపిల్ల ఇలా తిరగడం సంఘంలో పెద్దవాళ్లకు మింగుడు పడలేదు.

అక్కడి భాష ఒక్క ముక్క రాదు. ఆ లిపి గుండ్రంగా, మన అక్షరాలకు దూరపు చుట్టంలా కనిపించి ఆశపెట్టేది. చదవబోతే ఏమీ చెప్పేది కాదు. ఫోనులో అనువాదం చేసే యాప్ కొండలెక్కగానే మూగబోయింది. అయినా వెళ్లాను. మట్టిలో పుల్లతో పడవ బొమ్మ గీసి దారి అడిగాను. కోడిలా కూసి గుడ్లు కొనుక్కున్నాను. సంతంతా నవ్వింది, నేనూ నవ్వాను. రోజూ పొద్దున కీర్తన పాడుకుంటూ సంచి ఎత్తుకునేదాన్ని. అంత తలెత్తుకుని నేనెప్పుడూ నడవలేదు. అది పాపమా? కాదు. ఈ ఒక్క మాట ఇంటికొచ్చాక గట్టిగా చెప్పి ఉంటే తర్వాతిదేదీ జరిగేది కాదు.

నది ఒడ్డున ఒక పల్లెలో పడవ కోసం కూర్చుని, జ్వరంతో అక్కడే ఒరిగిపోయాను. ఒక ముసలామె తన ఇంటికి నడిపించుకుపోయి గంజి తాగించింది. నేను తెలుగులో ఏదో చెప్పేదాన్ని, ఆమె తన భాషలో బదులిచ్చేది. ఒక్కరికీ అర్థం కాలేదు, ఇద్దరం ఆపలేదు. జ్వరం తగ్గిన పొద్దున ఇరుగుపొరుగు వచ్చారు. ముసలామె నా మణికట్టుకు తెల్లటి నూలు దారం కడుతూ మెల్లగా ఏదో పలికింది. తర్వాత మిగిలినవాళ్లూ తలా ఒక పోగు కట్టారు. దారిన పోయేవాళ్లు క్షేమంగా ఇల్లు చేరాలని అలా కడతారని తర్వాత తెలిసింది. తెలియకముందే నాకు అర్థమైంది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఏడ్చాను. ఆమేన్ అన్నాను.

జరిగింది ఇదే.

మా సంఘంలో దారం అంటే ఏమిటో నీకు చెప్పాలి. మాలో ఎవరూ చేతికి, మెడకు దారం కట్టుకోరు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లు బాప్తిస్మానికి ముందే దారాలూ తాయెత్తులూ తెంపేస్తారు. అందుకే విమానం దిగి ఎక్కిన బెంగళూరు బస్సు నంద్యాల చేరేలోపు నెయిల్ కట్టర్‌తో ఆ పోగులన్నీ కత్తిరించి కిటికీలోంచి పారేశాను. ఎండకు నల్లబడ్డ చేతి మీద దారాలున్నంత మేర తెల్లటి చార మాత్రం మిగిలింది.

ఆదివారం ఆరాధన కాగానే ఒక పెద్దామె నా చెయ్యి పట్టుకుని, అందరూ వింటుండగా, ఏం కట్టించుకుని వచ్చావని అడిగింది. జ్వరంలో ఒళ్లు తెలియనప్పుడు కట్టారని, తెలివి రాగానే తెంపేశానని చెప్పాను. అది భయంతో ఆడిన అబద్ధం. దాని వెనకాలే, నేను ప్రార్థన చేస్తే ఆ ముసలామె కూడా తన చేతి దారాలు తెంపేసి మోకరించిందని చెప్పాను. అది ఎవరూ అడగలేదు. ఎందుకు చెప్పాను? ఊరికే తిరిగొచ్చానంటే చులకనైపోతానని, ఎవరినైనా తెచ్చి దేవుని ముందు నిలబెడితే తప్ప నా ప్రయాణానికి విలువ ఉండదని అనుకున్నాను. హల్లెలూయ అన్నారు. తీపిగా ఉండింది. అప్పటి నుంచి పిలిచిన ప్రతిచోటా ఆ సాక్ష్యమే చెప్పాను.

అలాగే ఆళ్లగడ్డ కూటానికి పిలిచారు. కూటం ముగిశాక ఒకాయన చెప్పుల దగ్గర నా కోసం నిలబడ్డాడు. అక్కడ రాతి విగ్రహాలు చెక్కే కుటుంబంవాడు. అప్పుడప్పుడే సంఘానికి వస్తున్నాడు. వేళ్ల సందుల్లో ఇంకా రాతిపొడి ఉంది.

"అక్కా, ఆ దారం ఆయమ్మే తెంపుకున్యాదా, నువ్వు తెంపితివా?"

"ఆయమ్మేన్నా."

"మనసు మార్చుకోని మల్లా కట్టుకోలేదు గదా?"

"లేదన్నా."

"నా పని నీకు తెల్సు. దేవుండ్లను చెక్కుతాండా. మా నాయన నేర్పిచ్చినాడు, ఇంకోటి రాదు. అంత ముసలామె ఇడిసిపెట్టె, నువ్వెందుకు ఇడ్సవురా అని తలకాయలో తిరుగుతాండాది. నువ్వు కండ్లారా చూసినావు గదా?"

"చూసినా."

మూడుసార్లు. ప్రభువును ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడికి కూసినట్టు నాకు ఏ కోడీ కూయలేదు. కడప రోడ్డు మీద ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది.

ఆయన పనిముట్లు తమ్ముడికి ఇచ్చేసి గోదాములో మూటలు మొయ్యడానికి వెళ్లాడు. ఆళ్లగడ్డ మీదుగా పోయేటప్పుడు బస్సులోంచి ఆయన్ని చాలాసార్లు చూశాను. చూసినప్పుడల్లా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

పోయిన నెల మా పాస్టరుగారి దగ్గర అంతా కక్కేశాను. జరిగింది మంచే కదమ్మా, ఇప్పుడెందుకు తవ్వడం అన్నారాయన. మంచేనా? ఒక మనిషి తన తండ్రి ఇచ్చిన పనిని దేవుని కోసం వదిలాననుకుంటున్నాడు, నిజానికి నా పరువు కోసం వదిలాడు. దేవుడు నిలబడడానికి నా అబద్ధం ఆసరా కావాలా?

పోయిన ఆదివారం ఆళ్లగడ్డలో సాక్ష్యాల వేళ లేచాను. గంజి, దారం, కన్నీళ్లు, ఆమేన్, నెయిల్ కట్టర్, అన్నీ చెప్పాను. ఎవరూ హల్లెలూయ అనలేదు. అయినా చివరిదాకా చెప్పాను. భాష రాని ఆ సంతలో నిలబడినట్టే నిలబడ్డాను, తలెత్తుకుని. నా నోరు మళ్లీ నాదైంది.

ఆ రాతిపని అన్న బయట నా కోసం ఆగాడు.

"ఉలి మల్లా పట్టాల్నా వద్దా అనేది నువ్వు చెప్పాకు. అది నేనూ దేవుడూ చూసుకుంటాం. నువ్వు మాత్రం మా ఇంటికి రావాకు."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. నంద్యాల బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని కీర్తన పైకే పాడాను. ముందు సీటామె వెనక్కి తిరిగి చూసింది. ఆపలేదు. ఇంత తేలికగా ఉంటుందని తెలిస్తే ఇన్నేళ్లు మోసేదాన్నా?

ఇక్కడిదాకా చదివావు కదా, నాతో ఒక్క నిమిషం తల వంచు. నాకు తెలియని భాషలో నా క్షేమం కోరిన ఆ తల్లి కోసం. ఉలి పట్టినా మూట పట్టినా ఆ అన్న చేతుల కోసం. చూసినదానికి మించి ఇంకెప్పుడూ పలకకుండా నా నోటి కోసం. నది ఒడ్డున ఒకసారి నిజంగా ఆమేన్ అన్నాను. ఈసారి నువ్వూ నాతో అను.