ఏసయ్య పెళ్ళి, నా స్కూటీ

ఈ రోజు సాయంత్రం బేతంచెర్లలో మా ఇంట్లోనే ప్రార్థన కూటం. పాస్టరుగారు ప్రార్థన అవసరాలు చెప్పమనగానే మా మేనత్త సుగుణమ్మ లేచింది. ఆమెకు ప్రతి వారం ఒకటే అవసరం, నా పెళ్ళి. నాకు ముప్పై ఐదేళ్ళు.

అత్త నోరు తెరిచేలోపే డిగ్రీ చదివే మా చెల్లెలు అందుకుంది. "అయ్యగారూ, ఏసయ్యకు పెండ్లయిందని ఫోన్లో ఎవరో చెప్తాండారు. నిజమేనా?"

నేను దాన్ని గట్టిగా గిల్లాను. పాస్టరుగారు మాత్రం కోప్పడలేదు.

"అయిందని సువార్తల్లో యాడా లేదమ్మా. కాలేదని కూడా విడిగా రాయలేదు. కాలేదనే మన పెద్దోళ్ళు నమ్మినారు, నేనూ నమ్ముతాండా."

అత్త నడుం మీద చేతులు పెట్టుకుంది. "అంటే, పెండ్లి చేసుకోని ప్రభువు దగ్గరికి పోయి, ఈ పాపకు పెండ్లి కాలేదని వారం వారం ఏడుస్తాండానా నేను?"

ముందు నవ్వింది పాస్టరుగారే. అత్త నా వైపు తిరిగింది. "నీకేం కావల్లో నువ్వే చెప్పు పాపా."

ఆ మాట నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కొన్నప్పటి నుంచి వాకిట్లోనే ఉన్న స్కూటీ గుర్తొచ్చింది. "నాపరాతి బండల లారీల మధ్యన స్కూటీ నడిపే ధైర్యం కావాలత్తా" అన్నాను. అందరూ కళ్ళు మూసుకుని దానికోసమే ప్రార్థించారు.

ఆమేన్ అనగానే అత్త చీర కుచ్చిళ్ళు సర్దుకుని స్కూటీ వెనక ఎక్కి కూర్చుంది. రైల్వే స్టేషను దాకా వెళ్ళొచ్చాం. దారి పొడుగునా ఆమె ప్రార్థిస్తూనే ఉంది, నా పెళ్ళి కోసం మాత్రం కాదు.

మీకోసం ప్రార్థించేవాళ్ళు, మీకేం కావాలో ఎప్పుడైనా మిమ్మల్ని అడిగారా?