ఆమెన్ అన్నాకే

టౌరంగా అనే సముద్రపు ఊళ్లో మా స్పోర్ట్స్ కారుకు ఉన్నవి రెండే సీట్లు. మా కుక్కలు రెండూ దూడల్లా ఉంటాయి. అందుకే ఆదివారం పొద్దున్నే ఒకదాన్ని సముద్రం దాకా తిప్పి తెచ్చి, తర్వాత రెండోదాన్ని ఎక్కించుకునేవాణ్ని. టాపు తీసేస్తే పక్కసీట్లో దాని చెవులు గాల్లో ఈదేవి. పొగమంచులో రోడ్డేదో నీళ్లేవో తెలిసేది కాదు, కలలోకి పోతున్నట్టుండేది.

నర్సుగా పనిచేసే మా ఆవిడ ప్రతి ట్రిప్పుకీ బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. "ఆమెన్" అన్నాకే కుక్క ఎక్కేది. నేను విసుగ్గా చూస్తూ కూర్చునేవాణ్ని. అమ్మ పోయినప్పటి నుంచి నాకూ దేవుడికీ మాటల్లేవు.

ఒక ఆదివారం ఆమె డ్యూటీకి వెళ్లిపోయింది. కారు తలుపు తీసినా పెద్దకుక్క కదలకుండా తల వంచుకుని కూర్చుంది. బిస్కెట్ చూపించాను, తోశాను.

"ఎక్కవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను!" అని అరిచాను. ఊహూఁ.

చివరికి చుట్టూ చూసి, బానెట్ మీద చెయ్యి పెట్టాను. "ప్రభువా, దారిలో తోడుండు. ఆమెన్" అని గొణిగాను. ఒక్క దూకు దూకి ఎక్కేసింది.

మేం తిరిగొచ్చేసరికి గేటు లోపల రెండోది తల వంచుకుని కూర్చుని ఉంది. ఈసారి నేను కళ్లు కూడా మూసుకున్నాను.