సోవావే సీసాలో నేరేడు రసం

మొన్న మా ఊరి మట్టెవాడలోని పాత ఇంట్లో ఇనుప పెట్టె తెరిస్తే పాత గంజి వాసన గుప్పుమంది. అడుగున అమ్మమ్మ దాచిన చర్చి తువాలు, దాని అంచున నేరేడు మరక. దాన్ని చూసిన రోజు నాకు కాలు ఒకచోట నిలవదు.

అప్పట్లో మా చర్చిలో ఇటలీ నుంచి వచ్చిన ముసలి ఫాదర్ ఉండేవారు. తొలకరి ముసురులో అమ్మమ్మ బలిపీఠపు బట్టలకు గంజి పెడుతుంటే, నేను గడప మీద కూర్చుని వేడి సర్వపిండి తుంచుకుంటుంటే, ఆయన తన ఊరి సంగతులు చెప్పేవారు: ఎన్నడో నిప్పులు కక్కి చల్లారిన కొండలు, నల్లమట్టి, మన దొండ పందిళ్లలాంటి ద్రాక్ష పందిళ్లు, కోతల వేళ కమ్ముకునే పొగమంచు, బంగారు రంగు తిరిగే పొడవాటి గుత్తులు. ఆ కొండల తెల్ల ద్రాక్షారసం పేరు సోవావే.

ఆయన ఫాదర్ అయి యాభై ఏళ్లు నిండిన పండుగకు ఆ ఊరి నుంచి ఆయన చెల్లెలు ఒకే ఒక్క సోవావే సీసా పంపింది. ముందురోజు సాయంత్రం మూత తీసి, వాసన చూసి, కళ్లు మూసుకున్నారు.

"బాదం పూలు. మా అమ్మ పెరడు," అన్నారు. చుక్క కూడా తాగలేదు. "ముందు దేవునికి. రేపు పూజలో."

నేను సీసాలోకి తొంగి చూశాను. మర్నాడే నా మొదటి సత్ప్రసాదం, పూజలో ప్రభువు అప్పం తొలిసారి అందుకునే రోజు. పూజ గిన్నెలోని ద్రాక్షారసం ప్రభువు రక్తమవుతుందని మాకు చర్చి పాఠాలు చెప్పే ఉపదేశి నేర్పాడు. ఇదేమో పొద్దటి నీరాకన్నా పలచగా ఉంది.

"అమ్మమ్మా, రక్తం ఎర్రగుండాలె గదా? గిదేంది గిట్ల తెల్లగున్నది?"

"తెల్లగుంటెనే గుడ్డలకు మరక పడదే పిచ్చిదానా. ఉతికేది నువ్వా, నేనా?"

ఆ జవాబు నాకు చాలలేదు. రాత్రంతా దొర్లాను. తెల్లవారి అమ్మమ్మ పూలు కోయడానికి వెళ్లగానే, చర్చి వెనక రాలిన నేరేడు పండ్లు పిసికి, ఆ రసం సీసాలో పోసి, ఒలికింది అక్కడున్న చర్చి తువాలుతో తుడిచాను. దేవునికి సాయం చేశాననే అనుకున్నాను.

ఫాదర్ సీసాను వెలుగుకు ఎత్తి చూశారు. అమ్మమ్మ చేతిలోని పూలు జారిపోయాయి.

"నేనే ఫాదర్... ఎర్రగ కావాలని."

ఆయన సీసాకు మూత పెట్టి పక్కన ఉంచారు. "వేరేది కలిస్తే పూజకు పనికిరాదు బిడ్డా," అని బీరువాలోంచి రోజూ వాడే రసం తీసి గిన్నెలో పోశారు. అదీ తెల్లగానే ఉంది.

పూజయ్యాక, అందరూ బగారా అన్నానికి బంతిలో కూర్చుంటే, ఆయన నేను పాడుచేసిన రసం స్టీలు గ్లాసులో పోసుకుని తాగి, వగరుకు మొహం ముడుచుకుని నవ్వారు. "ఇగ ఇది సోవావే కాదు, మట్టెవాడ!" అందరూ నవ్వారు. నేను మాత్రం చూస్తూనే ఉన్నాను. ఆయన ఖాళీ గ్లాసును మళ్లీ మళ్లీ ముక్కు దగ్గరికి తెచ్చుకుంటున్నారు.

మరో సీసా రాలేదు. ఆయన మళ్లీ ఆ కొండలకు పోలేదు. మా సమాధుల తోటలోనే నిద్రిస్తున్నారు. నేరేడు చెట్టు పోయి అక్కడ బండ్లు నిలుపుతున్నారు. చర్చి బట్టలు లాండ్రీకి పోతున్నాయి, గంజి కాచే పొయ్యి లేదు, అమ్మమ్మ లేదు. ప్రభువు నన్ను ఏనాడో క్షమించాడు, అందులో నాకు సందేహం లేదు. ఆ గ్లాసులో ఫాదర్‌కు బాదం పూల వాసన కాస్తయినా దొరికిందా అన్నదే తేలలేదు. తువాలును ముక్కుకు ఆనించుకుంటాను. గంజి వాసనే వస్తుంది.