చిన్నమ్మ పాటకు నా వంత

సాయుధ పోరాటం రోజులు. నాకు పదహారేళ్లు. మాది గూడూరు దగ్గర అడవి అంచు పల్లె. దళంలో ఉన్న మా అన్న దొంగచాటుగా ఇంటికొచ్చినప్పుడల్లా నాకో కొత్త పాట నేర్పేవాడు.

ఒకరోజు నాట్లేస్తూ అలాంటి పాటే ఎత్తుకున్నాను. పక్కనే ఉన్న మా చిన్నమ్మ వంత పాడి మురిసిపోయింది.

"మంచిగున్నది బిడ్డా! ఎప్పుడు నేర్చుకున్నవ్?"

"ఇయ్యాల పొద్దున్నే చిన్నమ్మా, అన్న నేర్పిండు!" అన్నాను గొప్పగా.

సాయంత్రం పోలీసులు నేరుగా మా అటక ఎక్కి అన్నను ఈడ్చుకెళ్లారు. "మీ చిన్నమ్మ చెప్పకుంటే మాకెట్ల ఎరుకైతది?" అని జమాదారు నవ్వాడు. అన్న మళ్లీ రాలేదు.

మరుసటి ఏడు నాట్లలో చిన్నమ్మ ఏమీ ఎరగనట్టు అదే పాట ఎత్తుకుంది. పళ్లు బిగించి నాటుతున్నాను. చేతిలో నారు కట్ట అయిపోయేసరికి నా గొంతు నన్నడగకుండానే వంత పాడుతోంది.

చిన్నమ్మ చేసిన ద్రోహం కన్నా అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.