నాయిన ఏరిన పెంటికలు

శామీర్‌పేట దాటుతుంటే మేకల మంద అడ్డొచ్చింది. పెంటికల వాసనకు నాయిన గుర్తొచ్చాడు.

నాయిన జంతుశాస్త్రం చదివాడు. పొదలన్నీ తిరిగి జింకల పెంటికలు ఏరుకొచ్చి కాగితం పొట్లాల్లో దాచేవాడు. జింకలు ఏం తింటున్నాయో, ఎన్ని మిగిలాయో వాటిని చూసే చెప్పేవాడు. నేనేమో అవి ఎరువుకనుకున్నాను.

"గింత సదివి పెంటికలేరుడేంది కొడుకా," అని అవ్వ బాధపడేది.

ఓ రోజు, సాయం చేద్దామని, పొట్లాలన్నీ విప్పి అవ్వ బీరపాదుకు పోశాను.

నాయిన వచ్చి, ఖాళీ కాగితాలు చూసి, అరుగు మీద కూర్చుని వాటిని ఒక్కొక్కటే మడత పెట్టాడు.

"పోనీ తియ్. కాయలన్న మంచిగ కాస్తయి," అన్నాడు.

నిజంగానే విరగకాశాయి. రెండేళ్ల తన కష్టాన్ని నాయిన అన్నంలో కలుపుకుని, తలెత్తకుండా తిన్నాడు. ఆ కూర మారు అడిగి వేయించుకున్నది నేను.