హెప్సిబా ముక్కు లారీ

వనపర్తి బస్టాండు వెనక వీధిలో ఒక స్పేర్ పార్టుల దుకాణం ఉంది. నా స్కూటరు పుణ్యమా అని నెలకు రెండుసార్లయినా ఆ మెట్లు ఎక్కుతుంటాను. కౌంటరులో కూర్చునే అమ్మాయి పేరు హెప్సిబా. మొదటిసారి చూసినప్పుడు ఇరవై రెండేళ్లుంటాయేమో. "క్లచ్ వైరు..." అని నేను నసిగేలోపే, బయట నిలబెట్టిన స్కూటరు వైపు ఒక్క చూపు చూసి, నిచ్చెనెక్కి సరైన డబ్బా దించేది. ఇంత పనితనం ఉన్న పిల్లకు జీవితంలో ఇంకేం కావాలి అనుకునేవాణ్ని. ఆమెకు కావలసింది మిలిటరీ లారీ అని తర్వాత తెలిసింది.

ఏ లారీ పడితే అది కాదు, శక్తిమాన్. ఒకప్పుడు మన సైన్యం వాడిన బండి. ముందు పొడుగాటి ముక్కు, దానికి రెండు పక్కలా ఉబ్బిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు, ఒళ్లంతా ఆకుపచ్చ రంగు. ఇప్పుడు తయారుకావడం లేదు. హెప్సిబా ఫోను తెరిస్తే ఆ లారీయే. దుకాణం గోడ మీద యజమాని పెట్టుకున్న వెంకటేశ్వరస్వామి పటం పక్కన కూడా ఒక లారీ బొమ్మ అంటించింది. పొద్దున్నే కళ్లజోడు లేకుండా అగరుబత్తి తిప్పే యజమాని చాలాకాలం ఆ లారీకి కూడా పొగ చూపించాడు.

ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందో వాళ్లమ్మ సత్తెమ్మ చెప్పింది. వాళ్లది పెబ్బేరు దగ్గర చిన్న ఊరు. హెప్సిబాకు ఆరేళ్లప్పుడు తల్లీతండ్రీ మట్టిపనికి పూణె అవతలికి వెళ్లారు. గుడిసెలు వేసుకున్న చోటికి ఆనుకునే కంటోన్మెంటు. పొద్దున పెద్దవాళ్లు తట్టలెత్తుతుంటే ఈ పిల్ల రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని, వరసగా పోయే పచ్చ లారీలను లెక్కపెట్టేది. ఒకరోజు చివరి లారీ డ్రైవరు తనకు సెల్యూట్ కొట్టాడని హెప్సిబా ఇప్పటికీ చెబుతుంది.

"సెల్యూటు లేదు, ఏం లేదు సారూ. మొకం మీద ఈగ వాల్తే తోలుకున్నడు. నేను గాడనే ఉన్న" అంటుంది సత్తెమ్మ.

పెళ్లిచూపులకు వచ్చిన మహేందర్ అనే కుర్రాడి సంగతి కూడా సత్తెమ్మే చెప్పింది. నాగర్‌కర్నూల్‌లో ల్యాబ్ టెక్నీషియను. నెమ్మదైన వాడు. ఇద్దరినీ కాసేపు మాట్లాడుకోమని పెద్దవాళ్లు బయట కూర్చున్నారు. అతను గొంతు సవరించుకుని, "మీరేమన్న అడగాల్నా?" అన్నాడట.

"మీ ఇంటి ముందర జాగ ఎంతుంటది?" అంది హెప్సిబా.

"రెండు బైకులు పడ్తయి."

"గంతేనా? లారీ పట్టదా?"

మహేందర్ ఆ లారీ అత్తవారి తరఫున వస్తుందో, తానే కొనాలో తేలక పరేషాన్ అయ్యాడు. టీ సగంలోనే వదిలేసి లేచాడు. ఆ రాత్రంతా సత్తెమ్మ తిడుతూనే ఉంది. హెప్సిబా మాత్రం, "ముందే అడిగితే మంచిదే గదమ్మా" అని దుప్పటి కప్పుకుంది.

సత్తెమ్మ తమ్ముడు శేఖర్‌కు నాగర్‌కర్నూల్‌లో మెకానిక్ షెడ్డు ఉంది. అక్క తిట్లూ, మేనకోడలి మురిపెం రెండూ అతని ఫోనుకే వచ్చేవి. ఒక ఎండాకాలం మన్ననూర్ వైపు ఎవరిదో జీపు బాగుచేయడానికి వెళ్లి, అక్కడినుంచి ఒక ఫోటో పంపాడు. ఒక పెరట్లో బీరతీగ అల్లుకున్న పెద్ద పొద. పొదలోంచి పొడుగాటి ముక్కు బయటికి వచ్చి ఉంది. కింద "గిదేనా నీ బండి?" అని రాశాడు.

హెప్సిబా ఆ మధ్యాహ్నం ఒక కస్టమరు బ్రేకు షూలు అడిగితే హారను ఇచ్చి పంపింది. ఆమె ఉద్యోగంలో చేసిన పొరపాటు నాకు తెలిసినంతలో అదొక్కటే.

ఆదివారం చర్చి అవగానే మామను వెంటబెట్టుకుని మన్ననూర్ బస్సెక్కింది. ఆ పెరడు బాలనాగమ్మ అనే అవ్వది. డెబ్బై ఏళ్లు దాటాయి. ఆమె భర్త మిలిటరీవాళ్లు వేలంలో అమ్మేసిన ఆ లారీని కొనుక్కొచ్చి, అడవిలోంచి వెదురు తోలేవాడు. పులుల అభయారణ్యం నిబంధనలు వచ్చాక వెదురు నరకడం ఆగిపోయింది, లారీ కూడా నిలిచిపోయింది. ఆయన పోయి కూడా చాలా ఏళ్లయింది. ఇప్పుడు అందులో పదహారు కోళ్లుంటున్నాయి.

హెప్సిబా లారీ చుట్టూ మూడుసార్లు తిరిగింది. నేల మీద బోర్లా పడుకుని కిందికి చూసింది. మడ్‌గార్డు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. లోపలున్న పుంజు కిటికీలోంచి తల బయటపెట్టి ఆమెను అనుమానంగా చూసింది.

"ఇనుప సామాన్లోడు రెండుసార్లొచ్చిండు. కోసి తీస్కపోతనన్నడు. ముందల నిన్ను కోస్తరా అన్న. మల్ల రాలే" అంది బాలనాగమ్మ.

"నేను కొయ్యనవ్వా. మంచిగ చేసి నడిపిస్త."

"నీకు నడుపొస్తదా?"

హెప్సిబా మామ వైపు చూసింది. శేఖర్ బీరకాయల వైపు చూశాడు.

"స్కూటీ వస్తది" అంది చివరికి.

బాలనాగమ్మ నవ్విన నవ్వుకు కోళ్లు కూడా లారీలోంచి దూకాయి. "ఓ పిల్లా! నడుప రాకుంటె లారీ ఏం జేస్కుంటవే? పక్కల పెట్టుకోని పండుకుంటవా? మా ఆయన గీ స్టీరింగు తిప్పి తిప్పి భుజాలు అరిగిపోయినోడు. పో, నేర్సుకోని రా. లారీ నడుపుతదని సర్కారోళ్లు రాసిచ్చిన కార్డు నా చేతుల పెట్టు. అప్పుడు మాట్లాడుదం. ఇంగొకటి, నా కోళ్లకు ఇల్లు గట్టియ్యాలె. చిరుతపులొచ్చినా గీ బండి మీదికి ఎక్కలేకపొయింది. గసొంటి ఇల్లు కావాలె."

తిరుగు బస్సులో శేఖర్ ఓదార్చబోయాడు. "ముసలామె ఇయ్యనని చెప్పనీకి మోమాటపడ్డది, అంతేనే."

"కాదు మామా. రెండు పనులు చెప్పింది. రెండు చేద్దం" అంది హెప్సిబా.

కోళ్ల ఇల్లు శేఖర్ నెల రోజుల్లో వెల్డింగ్ చేసి పడేశాడు. మందపాటి ఇనుప జాలీ, రెండు గొళ్లేలు. చిరుత సంగతి దేవుడెరుగు, గుడ్లు తీయడానికి బాలనాగమ్మే మొదట్లో కష్టపడింది. లైసెన్సుకు మాత్రం అంత తొందరగా కాలేదు. ముందు కారు లైసెన్సు తీసుకోవాలి, ఏడాది గడిస్తే గానీ పెద్ద బండికి అర్హత రాదు. ఆ ఏడాదంతా హెప్సిబా దుకాణంలో కూర్చుని, కాళ్ల కింద మూడు ఖాళీ డబ్బాలు పెట్టుకుని, క్లచ్, బ్రేకు, యాక్సిలేటరు తొక్కుతూ ఉండేది. నేను వెళ్లిన ఒకరోజు మూడో గేరులో ఉన్నానని చెప్పి, ఆగమంది. ఆగాను.

ఏడాది తర్వాత డ్రైవింగు స్కూలు లారీ ఎక్కింది. నేర్పేవాడు మంచివాడే కానీ, సంత ఉన్న రోజని మరిచిపోయి ఆమెను పెబ్బేరు వైపు తీసుకెళ్లాడు. రోడ్డంతా ఎడ్లు, మేకలు, బేరగాళ్లు. అక్కడ లారీ ఆగిపోయింది. వెనక్కి తీయమంటే హెప్సిబా తీసింది, కానీ రోడ్డు మీదికి కాదు, సంతలోకి. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ లారీ వెళ్లి రెండు జతల ఎడ్ల మధ్య సరిగ్గా వరసలో నిలబడింది. పక్కనున్న బేరగాడు తలపాగా సర్దుకుని, ముందు చక్రాన్ని తట్టి చూసి, "అమ్మకానికేనా బిడ్డా? ఎన్ని పండ్లేసింది?" అన్నాడు, ఎద్దు వయసు అడిగినట్టు.

చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. ఆమె కిందికి దిగకుండా స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చింది. ఆ సంగతి నాకు చాలాకాలం తర్వాత తనే చెప్పింది. "ఎడ్లే నయం సార్. గవి నవ్వలే" అంది.

మర్నాడు మళ్లీ స్కూలుకు వెళ్లింది. మొదటిసారి పరీక్షలో వెనక్కి తీసేటప్పుడు గీత తొక్కి తప్పింది. రెండోసారి నెగ్గింది. కార్డు చేతికొచ్చిన రోజు దుకాణం యజమాని అందరికీ జిలేబీ పంచాడు. సత్తెమ్మకు కూడా ఒక పొట్లం పంపితే తీసుకుని, "పెండ్లి జిలేబీ తింటననుకున్న, లారీ జిలేబీ తిన్న" అంది. అంటూనే రెండోది తీసుకుంది.

బాలనాగమ్మ కార్డును ఎండలో పెట్టి చూసింది. ఫోటో చూసింది, హెప్సిబాను చూసింది, మళ్లీ ఫోటో చూసింది. చదువు రాదు కాబట్టి శేఖర్ చేత రెండుసార్లు చదివించుకుంది. ధర సంగతి అర నిమిషంలో తేలిపోయింది. తర్వాత కొడవలి తెచ్చి, బీరతీగను తనే కోసింది.

శేఖర్ చక్రాలు మార్చి, బ్రేకులు ఎలాగో పట్టేలా చేశాడు. ఇంజనులోంచి పాము కుబుసం రెండు మూరలది తీశాడు. ట్రాక్టరు తెచ్చి, తాడు కాకుండా ఇనుప కడ్డీతో లారీని కట్టాడు. లాగేది ట్రాక్టరే అయినా, లారీలో స్టీరింగు పట్టడానికి మనిషి కావాలి. హెప్సిబా ఎక్కి కూర్చుంది. ఇంతలో అవతలి తలుపు కిర్రుమంది. కొత్త చీర కట్టుకున్న బాలనాగమ్మ మెట్టు మీద కాలు పెట్టి పైకి పాకుతోంది.

"నువ్వెందుకవ్వా? పడ్తవు!" అన్నాడు శేఖర్.

"ముప్పై ఏండ్లు గీ బండ్ల ఎనకనే కూసున్న, వెదుర్ల మీద. ముందల కూసుంట అంటే క్లీనరుకు జాగ ఉండదు అనేటోడు మా ఆయన. ఇయ్యాల క్లీనరు లేడు గద. చెక్‌పోస్టు దాంక వస్త, ఆడ దింపున్రి."

హెప్సిబా పక్క సీటు మీది దుమ్ము తన చున్నీతో తుడిచింది.

స్టీరింగు ఎంత బరువంటే ప్రతి మలుపుకూ ఆమె సీట్లోంచి లేచి వేలాడాల్సి వచ్చింది. బాలనాగమ్మ మాత్రం కిటికీలో మోచెయ్యి ఆనించి, దారిలో కనబడ్డ ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలిచింది. పిలిపించుకున్నవాళ్లలో కొందరు ఆ లారీ కదలడం చూసి దండం పెట్టారు. అటవీశాఖ చెక్‌పోస్టులో ఉద్యోగి పుస్తకం తీసి, ముందు వెనక వెతికాడు. నంబరు పలక లేదు.

"ఏమని రాయాలె? పాత ఇనుమా?" అన్నాడు.

"ఇనుము కాదు సార్, శక్తిమాన్" అంది హెప్సిబా, ఆయాసంతో.

"పాత లారీ అని రాయి నాయినా" అని బాలనాగమ్మ రాజీ చేసింది. అక్కడ దిగి, ముక్కు మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, వెనక్కి చూడకుండా నడిచిపోయింది. నాగర్‌కర్నూల్ చేరేసరికి సాయంత్రమయింది. హెప్సిబా వారం రోజులు నిచ్చెనెక్కలేకపోయింది. డబ్బాలు కస్టమర్లమే దింపుకున్నాం.

ఇంజను పలకడానికి మరో పదినెలలు పట్టింది. పలికిన రోజు శేఖర్ షెడ్డు ఉన్న వీధి మొత్తం పొగలో మునిగింది. పక్కింటి జంగమ్మ తీగ మీది బట్టలన్నీ తీసుకొచ్చి హెప్సిబా ముందు పడేసి, "ఉతుకు" అంది. ఉతికింది. ఉతుకుతున్నంతసేపూ నవ్వుతూనే ఉందని శేఖర్ చెప్పాడు.

ఇక రోడ్డెక్కడమే మిగిలిందనుకుంటుండగా అసలు చిక్కు వచ్చింది. బాలనాగమ్మ ఇంటి దూలంలో దోపిన లారీ కాగితాలను చెదలు ఎప్పుడో తినేశాయి. ఆఫీసుల చుట్టూ తిరిగితే, వాళ్లు మర్యాదగానే చెప్పారు. ఇంత పాత బండిని, ఏ ఆధారమూ లేకుండా రోడ్డు మీద నడపనివ్వలేం, సొంత స్థలంలో అయితే మీ ఇష్టం. సొంత స్థలమంటే సత్తెమ్మ ఇంటి ముందు తులసికోటంత జాగా కూడా లేదు, పైగా వాళ్లు తులసికోట పెట్టేవాళ్లూ కాదు.

హెప్సిబా నాకు మొదటిసారి దిగులుగా కనిపించింది అప్పుడే. నేను అడిగిన ప్లగ్గు ఇచ్చింది, చిల్లర ఇచ్చింది, లారీ మాట ఎత్తలేదు. మా స్కూటరు గురించి కూడా ఏమీ వెక్కిరించలేదు. భయమేసింది.

రెండు దార్లు వాటంతటవే తెరుచుకున్నాయి. వనపర్తిలో ఒక ప్రైవేటు బడికి బస్సు డ్రైవరు కావలసివచ్చాడు. డ్రైవింగు స్కూలువాడు, సంత సంగతి మింగేసి, హెప్సిబా పేరు చెప్పాడు. మొదటి వారం తల్లులు గేటు దగ్గర నిలబడి చూశారు. రెండో వారం నుంచి, ఈమె వస్తేనే పిల్లల్ని ఎక్కిస్తామన్నారు. దుకాణంలో జీతానికి రెట్టింపు కాకపోయినా దగ్గరదగ్గరగా వస్తోంది. లారీ కోసం తీసుకున్న లైసెన్సు బస్సు నడిపిస్తోంది. నా క్లచ్ వైర్లకు మాత్రం దిక్కు లేకుండా పోయింది.

రెండోది, శేఖర్ పాత కస్టమరు ఒకాయనకు కొల్లాపూర్‌లో పెద్ద మామిడితోట ఉంది. "మా తోటలో పెట్టుకో బిడ్డా. చెట్ల కాడికెల్లి షెడ్డు దాంక కాయలు తోలు. సర్కారు రోడ్డు ఎక్కే పనే లేదు" అన్నాడు. ట్రాలీ మీద లారీ కొల్లాపూర్ వెళ్లింది. తోటలో ఈ చివరనుంచి ఆ చివరికి అర కిలోమీటరు ఉంటుందేమో. సైన్యంతో ఏ కొండలెక్కిందో, నల్లమలలో ఎన్ని వెదుళ్లు మోసిందో, ఆ బండి ఇప్పుడు ఆదివారాల్లో కోత కాయలు మోస్తోంది.

మొన్న ఏప్రిల్‌లో చూడ్డానికి వెళ్లాను. హెప్సిబా చర్చి చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కుని, పైనుంచి నాకు చెయ్యి ఊపింది. పక్క సీట్లో సత్తెమ్మ, ఒళ్లో బుట్ట పెట్టుకుని, చెవుల్లో చీరకొంగు కుక్కుకుని కూర్చుంది. లారీ ఎంత చప్పుడు చేస్తోందంటే మామిడికాయలు వాటంతటవే రాలతాయేమో అనిపించింది. అంత చప్పుడూ చేసి, అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది. కోతకు వచ్చిన ఆడవాళ్లు నెత్తిన గంపలతో దాన్ని దాటిపోతున్నారు.

"జర జోరుగ పోనియ్యరాదే?" అని సత్తెమ్మ అరిచింది.

"జోరుగ పోతే తొందర్గ అయిపోతదమ్మా" అంది హెప్సిబా, గేరు మార్చకుండానే.