మూడు పుస్తకాలు, ఒంటికాలి చిలక

నా చిన్నప్పుడు, అంటే అచ్చులో ఉన్నదంతా నిజమని నమ్మే వయసులో, పెనుకొండలో పిల్లలకు ఉపన్యాసాల పోటీ పెట్టారు. విషయం కోట చరిత్ర. మేము ధర్మవరంలో ఉండేవాళ్లం. మా నాయన మగ్గం నేసేవాడు. నేను గెలిస్తే హిందూపురంలో మా మేనత్త దగ్గరుండి హైస్కూలు చదవొచ్చు, ఓడితే ఇంట్లో మగ్గానికి దారం కండెలు చుట్టాలి, ఇదీ ఆయన పెట్టిన షరతు. ఆయన కఠినుడేం కాదు. కండెలు చుట్టడానికి ఒక మనిషి తక్కువ, అంతే.

లైబ్రరీ నుంచి మూడు పుస్తకాలు తెచ్చుకున్నాను. కోటవాకిలికి తూర్పున ఉన్న పాత బావిని ఒక రాణి తవ్వించిందని మూడింటిలోనూ ఉంది. మా అవ్వది పెనుకొండే కాబట్టి ఆ బావి నేను చూసిందే. అది వాకిలికి పడమర ఉంది. అయినా ముగ్గురు పెద్దమనుషులు తూర్పు అన్నాక, నా కళ్లదే పొరపాటని సర్దుకున్నాను.

మా అత్త హిందూపురం బడిలో టీచరు. సెలవులకు వచ్చి నా ఉపన్యాసం విన్నది.

"రాణి తవ్వించిందని నీకెవురు చెప్పిరి?" అంది.

మూడు పుస్తకాలన్నాను. అనుమానం లేకుండా మూడు వేళ్లు కూడా చూపించాను. ఆమె పెట్టెలోంచి నాయన నేసిన చీర ఒకటి తీసింది. వీధిలో రెండిళ్లకు పోయి మరో రెండు చీరలు అడిగి తెచ్చింది. మూడు కొంగుల్లోనూ చిలకలే. ఆ చిలక మా సొంతమని ఆ మూడిళ్లవాళ్లూ చెప్పుకునేవారు. దగ్గరగా చూడమంది అత్త. మూడు చీరల చిలకలకూ ఒక్కటే కాలు.

"ముగ్గురికీ ఒకే కల వచ్చినాదేమో పాపా!"

నాయన మగ్గం మీద నుంచి తలెత్తలేదు. "ఒంటికాలిదైనా అమ్ముడుపోతాండాది కదమ్మా" అన్నాడు.

ఎవరో మొదట ఒక కాలు మరిచిపోయారు. మిగతావాళ్లు చిలకతోపాటు ఆ మరుపును కూడా నేశారు. అప్పుడు నాకు బావి గుర్తొచ్చింది. కంటికి కనబడే బావి దిక్కునే ముగ్గురూ ఒకేలా తప్పు రాశారంటే, ఒకరిని చూసి ఒకరు రాసినట్టే. మరి కంటికి కనబడని రాణి సంగతి? సాక్షులు ముగ్గురు కాదు, ఒక్కరే. ఆ ఒక్కరికి ఎలా తెలిసిందో ఏ పుస్తకంలోనూ లేదు.

పోటీ రోజు పెనుకొండవాళ్ల ముందు నిలబడి ఇదంతా చెప్పి, బావి ఎవరు తవ్వించారో నాకు తెలియదని ముగించాను. మొదటి బహుమతి నాలుగు పుస్తకాలు చదివిన అబ్బాయికి వచ్చింది. నాలుగోదాంట్లోనూ బావి తూర్పుననే ఉందట.

తిరుగు రైల్లో నాకూ అత్తకూ ఎదురుగా కూర్చుని నాయన టికెట్లు తీసి చూసుకున్నాడు.

"తెలీదని చెప్పేదానికి ఇంత దూరం రావల్లనా? ఇంట్లోనే చెప్పింటే రైలుచార్జీ మిగిలేది" అన్నాడు.

"ఎందుకు తెలీదో చెప్పింది కదన్నా. తనకెట్ల తెలుసో చెప్పకపోబట్టే ఆ పిల్లోడు గెలిచినాడు. దీన్ని నాతో పంపు" అంది అత్త.

నాయన కిటికీలోంచి బయటికి చూశాడు. "బావి పడమరే ఉండాది. నేనూ చూసినా" అన్నాడు చివరికి. మా ఇంట్లో ఒప్పుకోవడమంటే అదే.

హిందూపురం పోయాను, చదివాను, కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఏ పుస్తకం తెరిచినా ఈయనకెవరు చెప్పారని వెతకడం ఇప్పటికీ పోలేదు. జవాబు దొరకని చోట క్లాసులో నాకు తెలియదనే చెప్పేదాన్ని. కొందరు పిల్లలు దాన్ని కూడా నోట్సులో రాసుకునేవారు.